పనిచేసే రిట్రీవర్ల ఇంట్లో చిన్న తోడు కుక్క: సమగ్ర మార్గదర్శి

30 కిలోల లాబ్రడార్ పూర్తి వేగంతో పరుగెత్తుతూ మలుపు దగ్గర 4 కిలోల కుక్కకు తగిలిందంటే, అందులో కోపం గానీ చెడుబుద్ధి గానీ లేకపోయినా, చిన్నదాని ముందుకాలి ఎముక విరగడానికి ఆ ఒక్క తాకిడి చాలు. పనిచేసే రిట్రీవర్లున్న ఇంట్లోకి చిన్న కుక్కను తెచ్చేవారు సాధారణంగా కాట్లాటలకు భయపడతారు. ముందుగా భయపడవలసింది బరువుకు, వేగానికి, అదుపు తప్పిన ఉత్సాహానికి. రిట్రీవర్లు తరతరాలుగా మనిషి పక్కన ఓపికగా కూర్చుని, కాల్చిన పక్షిని ఈకలు చెదరకుండా మెత్తగా నోట పట్టి తెచ్చి చేతికి అందించడానికి ఎంపికైన జాతులు కాబట్టి, తోటి కుక్కలతో సర్దుకుపోయే గుణం వాటిలో చాలావాటికి ఉంటుంది. ఆ గుణాన్ని చూసి యజమాని అజాగ్రత్తగా ఉండటమే అసలు సమస్య.

రెండో విషయం పనికి సంబంధించినది. పిలిచేదాకా కదలకుండా కూర్చోవడం, విజిల్ వినగానే ఆగడం, పట్టినదాన్ని నలపకుండా తేవడం నేర్పడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఇంట్లో ఉన్న చిన్న కుక్క మొరుగుతూ డమ్మీ (శిక్షణలో పక్షికి బదులు విసిరే వస్తువు) వెంట పరుగెత్తడం మొదలుపెడితే ఆ శిక్షణ వారాల్లో వదులైపోతుంది. ఇక మూడోది మన తీరు. పెద్ద కుక్క ఒకసారి గుర్రుమంటే కంగారుపడి దిద్దుతాం, చిన్నది పదిసార్లు గుర్రుమన్నా నవ్వి ఊరుకుంటాం. ఈ మార్గదర్శిలోని అడుగులన్నీ ఒక్క సూత్రం మీద నిలిచి ఉన్నాయి: రక్షణ చిన్నదానికి ఎక్కువ కావాలి, నియమాలు మాత్రం అన్నిటికీ ఒకటే కావాలి.

మొదటి అడుగు: ఉన్న రిట్రీవర్లను అంచనా వేయడం

చిన్న కుక్కను వెతకడానికి ముందే మీ రిట్రీవర్లలో ప్రతి ఒక్కదాన్నీ విడివిడిగా పరీక్షించాలి. పిలిస్తే ఆట మధ్యలోనైనా తిరిగి వస్తుందా, నోటి దగ్గరున్న వస్తువును "వదిలెయ్" అనగానే వదులుతుందా, తన పరుపు మీద అరగంటసేపు చెప్పినట్లు పడుకుంటుందా అనే మూడు ప్రశ్నలకూ అవునని చెప్పగలిగినప్పుడే తర్వాతి అడుగు వేయడం మంచిది. వీటిలో "వదిలెయ్" అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే పెద్ద కుక్క నోట్లో చిన్న కుక్క మెడ ఉన్న క్షణంలో మీ చేతిలో మిగిలే ఆయుధం ఆ మాట ఒక్కటే.

వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెండేళ్లు నిండని రిట్రీవర్‌కు శరీరం పెద్దది, బుద్ధి ఇంకా పిల్లది. పైగా దాని శిక్షణలో కీలకమైన దశ అప్పుడే నడుస్తుంటుంది. ఇంట్లో అలాంటిది ఉంటే అది కుదురుకునేదాకా ఆగడమే తెలివైన పని. కుందేళ్ల వంటి నేల మీద పరుగెత్తే జంతువులను తెచ్చే పని అలవాటైన కుక్కల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం, ఎందుకంటే గడ్డిలో వేగంగా కదిలే చిన్న బొచ్చు శరీరం వాటి కంటికి మొదటి క్షణంలో తోటి కుక్కలా కనిపించకపోవచ్చు. కొత్త కుక్కను తెచ్చే సమయాన్ని కూడా పని లేని నెలల్లోనే ఎంచుకోవాలి. రోజంతా పనిచేసి అలసి, ఆకలితో తిరిగొచ్చిన కుక్కకు ఇంట్లో కొత్త ముఖాన్ని భరించే ఓపిక తక్కువగా ఉంటుంది, అలాంటి రోజుల్లో యజమానికి కూడా పర్యవేక్షించే తీరిక ఉండదు.

రెండో అడుగు: ఎలాంటి చిన్న కుక్క

జాతి పేరు కన్నా ముందు బరువును, ఎముక గట్టితనాన్ని, స్వభావాన్ని చూడాలి. 3 కిలోల లోపు ఉండే చివావా, పొమరేనియన్ వంటివి ముద్దుగా ఉంటాయి, తెలివైనవి కూడా. కానీ వాటి ముందుకాలి ఎముకలు ఎంత సన్ననివంటే సోఫా మీదినుంచో మనిషి చేతుల్లోంచో దూకినా విరిగే ప్రమాదం ఉంది. చివావాల్లో చాలావాటికి నడినెత్తిన ఎముక పూర్తిగా మూసుకోని మెత్తని చోటు జీవితాంతం ఉండిపోతుంది. ఇలాంటి కుక్కలను రెండు మూడు రిట్రీవర్ల మధ్య పెంచడం అసాధ్యం కాదు, అయితే జీవితాంతం వాటిని వేరు వేరు గదుల్లో ఉంచగల ఇల్లు, ఓపిక ఉన్నవారికే అది తగినది. 6 నుంచి 8 కిలోల మధ్య ఉండే కవాలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్, మినియేచర్ పూడిల్, బోర్డర్ టెరియర్ వంటి కుక్కలు ఈ ఇంటికి ఎక్కువ నప్పుతాయని నా అభిప్రాయం.

ఒక్కో దానితో ఒక్కో చిక్కు వస్తుంది. కవాలియర్ సాధువు, అయితే దానికి గుండె కవాటపు జబ్బు వచ్చే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి, తల్లిదండ్రుల గుండె పరీక్షల నివేదికలు చూపించలేని వారి దగ్గర పిల్లను తీసుకోకూడదు. టెరియర్లు తమకు ఆరు రెట్ల బరువున్న కుక్కను కూడా సవాలు చేయడానికి వెనకాడవు, సహనం ఎక్కువున్న రిట్రీవర్ కూడా ఎప్పుడో ఒకనాడు ఆ సవాలును స్వీకరిస్తుంది. పొడుగు నడుము ఉన్న డాక్స్‌హుండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్కు జారే ముప్పు పుట్టుకతోనే ఉంటుంది, దాని మీద పెద్ద కుక్క ఒక్కసారి పడితే పక్షవాతం దాకా పోవచ్చు. చప్పిడి ముఖపు పగ్, షిట్సూ వంటివి ఎండలోనూ ఆయాసంలోనూ త్వరగా ఇబ్బందిపడతాయి. వాటి కళ్లు లోతు తక్కువైన గుంటల్లో ఉంటాయి కాబట్టి పెద్ద కుక్క పంజా తగిలితే కనుగుడ్డు దెబ్బతినవచ్చు.

పిల్లను తేవాలా, ఎదిగిన కుక్కను తేవాలా అన్న ప్రశ్నకు చాలామంది ఆలోచించకుండా పిల్ల అని జవాబిస్తారు. మూడు నాలుగేళ్ల వయసులో, పెద్ద కుక్కల మధ్య ఇదివరకే బతికి, ప్రశాంతంగా ఉన్న చిన్న కుక్క దొరికితే అదే మేలు: దాని స్వభావం కళ్లముందు కనిపిస్తుంది, ఎముకలు గట్టిపడి ఉంటాయి, టీకాలు పూర్తయి ఉంటాయి. పిల్లనే తేదలచుకుంటే, మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగో వారం దాకా సాగే వయసులో అది చూసినవన్నీ మామూలు ప్రపంచంగా దాని మనసులో నిలిచిపోతాయని గుర్తుంచుకుని, ఆ కాలంలో పెద్ద కుక్కలతో దానికి కలిగే అనుభవం ప్రతిదీ మెత్తగా ఉండేట్లు చూడాలి.

మూడో అడుగు: ఇల్లు సిద్ధం చేయడం

కొత్త కుక్క గడప దాటకముందే ఇంట్లో రెండు లోకాలు ఏర్పడాలి. చిన్న పిల్లల కోసం తలుపులకు బిగించే అడ్డు గేట్లు ఇందుకు బాగా పనికొస్తాయి. చువ్వల మధ్య సందు చిన్న కుక్క తల దూరనంత ఇరుకుగా, గేటు ఎత్తు రిట్రీవర్ దూకలేనంతగా ఉండాలి. చిన్నదానికి దానిదంటూ ఒక క్రేటును (తలుపున్న పంజరం లాంటి పెట్టెను) మనుషులు తిరిగే గదిలోనే, పెద్ద కుక్కలు దాని తలుపు ముందు కాపు కాయలేని మూలలో పెట్టాలి. రిట్రీవర్లు బయట కుక్కల కోసం కట్టిన గూడైన కెనెల్‌లో పడుకునే ఇళ్లలో ఈ ఏర్పాటు సులువు. అయితే చిన్నది రోజంతా ఇంట్లో మనుషుల మధ్య ఉండగా పెద్దవి పనికి మాత్రమే బయటికి వస్తుంటే, లోపలికి వచ్చిన కొద్దిసేపట్లోనే వాటి ఉత్సాహం కట్టలు తెంచుకుంటుంది. అందుకని కెనెల్ కుక్కలను కూడా రోజూ కొంతసేపు లోపలికి తెచ్చి, ఏ పనీ చెప్పకుండా పరుపుల మీద ఊరికే పడుకోబెట్టడం అలవాటు చేయాలి.

రిట్రీవర్ నోటికి సరిపడే బంతి చిన్న కుక్కకు ఆట వస్తువుగా పనికిరాదు, చిన్నదానికి కొన్న బంతి మాత్రం రిట్రీవర్ గొంతులో అడ్డుపడి ప్రాణం తీయగలదు. కాబట్టి చిన్న బొమ్మలన్నీ దాని క్రేటులోనే ఉండాలి.

నాలుగో అడుగు: పరిచయం

మొదట వాసన, తర్వాత దూరం నుంచి చూపు, ఆ తర్వాతే తాకిడి అన్న వరుసను ఎంత తొందర ఉన్నా తప్పకూడదు. కొత్త కుక్క పడుకున్న గుడ్డను రిట్రీవర్ల దగ్గర, వాటి గుడ్డను కొత్తదాని దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచాలి. తర్వాత ఇల్లు కాని చోట, రెండు కుక్కలకూ కొత్తదైన నేల మీద, ఇద్దరు మనుషులు చెరొకదాన్నీ పట్టుకుని పది పదిహేను అడుగుల ఎడంతో ఒకే దిశలో నడిపించాలి. లీష్ బిగుసుకోకుండా ఉండాలి, ఎందుకంటే బిగుసుకున్న లీష్ కుక్కకు మన కంగారును చేరవేస్తుంది. ఎదురెదురుగా నిలబెట్టి ముక్కులు కలపడం చూడముచ్చటగా ఉంటుంది గానీ కుక్కల మర్యాదలో అది మొరటు పలకరింపు. పక్కపక్కన నడుస్తూ వంకరదారిలో దగ్గరై, ఒకదాని తోక వైపు ఒకటి వాసన చూసుకోవడమే వాటి పద్ధతి. మూడు సెకన్లు వాసన చూశాక రెండిటినీ మెల్లగా పిలిచి ముందుకు నడిపించి, మళ్లీ అవకాశం ఇవ్వాలి.

రిట్రీవర్లు ఎన్ని ఉన్నా ఒక్కోదాన్నే, అన్నిటికన్నా ప్రశాంతమైన దానితో మొదలుపెట్టి, పరిచయం చేయాలి. గుంపంతటినీ ఒకేసారి వదలడం పొరపాటు. మొదటి పరిచయానికి ముందు రిట్రీవర్‌కు ఒక గంట నెమ్మది నడక, కొద్దిగా ముక్కుతో వెతికే పని ఇవ్వాలి. బంతి విసిరి పరుగెత్తిస్తే అది అలసిపోతుంది గానీ దాని మనసు మాత్రం రేగి ఉంటుంది.

ఆ రోజుల్లో చిన్న కుక్కను చేతుల్లోకి ఎత్తుకోవద్దు. పైకి ఎత్తిన చిన్న వస్తువు వైపు ఎగిరి ముక్కు చాచడం రిట్రీవర్‌కు సహజం. చేతుల్లో ఉన్న కుక్కకు తప్పించుకునే దారి ఉండదు, పైనుంచి పడితే కాలు విరుగుతుంది. అవసరమైతే మనిషి రెండిటి మధ్యా నిలబడి తన కాళ్లతో అడ్డుగోడ కట్టాలి. మొదటి నెలంతా, మీరు గదిలో లేని ప్రతి నిమిషమూ, స్నానానికి వెళ్లిన ఆ అయిదు నిమిషాలతో సహా, వాటి మధ్య మూసిన గేటు ఉండాలి. నెల తర్వాత కూడా రెండు అంతకుమించిన రిట్రీవర్లతో చిన్నదాన్ని ఒంటరిగా వదలకూడదన్న నియమాన్ని నేనైతే ఎప్పటికీ సడలించను.

అయిదో అడుగు: ఆటను చదవడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే మంచి స్నేహితులైన కుక్కల మధ్య కూడా పెద్ద ప్రమాదం ఆట వేషంలోనే వస్తుంది. ఆరోగ్యకరమైన ఆటలో ముందుకాళ్లు చాచి నడుము పైకెత్తే ఆహ్వానం ఉంటుంది, తరిమేది తరిమించుకునేదిగా మారుతుంటుంది, మధ్యమధ్య రెండూ ఆగి ఒళ్లు విదిలించుకుంటాయి. తెలివైన పెద్ద కుక్క తానే నేల మీద వెల్లకిలా పడుకుని, నోరు వదులుగా తెరిచి, చిన్నదాన్ని తన మీదికి ఎక్కనిస్తుంది. తన బలాన్ని తానే తగ్గించుకునే ఈ గుణం ఉన్న రిట్రీవర్ ఇంట్లో ఉండటం అదృష్టం, అయితే అది అన్నిటికీ ఉండదు, నేర్పితే పూర్తిగా వచ్చేదీ కాదు.

ఆట ఎప్పుడు చెడుతోందో ముందే పసిగట్టాలి. ఒకటే ఎప్పుడూ తరుముతుండటం, పెద్దదాని నోరు మూసుకుపోయి చూపు ఒకేచోట గుచ్చుకోవడం, శరీరం కదలిక ఆగి బిగుసుకోవడం, చిన్నది తోక ముడుచుకుని బల్ల కిందికి దూరడం, ఇవి కనిపించిన వెంటనే ఆట ముగించాలి. మీకు అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది. పెద్దదాన్ని కొద్దిసేపు కాలర్ పట్టుకుని ఆపండి. చిన్నది తిరిగి దాని దగ్గరికే వస్తే ఆట దానికి ఇష్టమే, దూరంగా వెళ్లిపోతే అది ఇప్పటిదాకా సహిస్తోందని అర్థం.

వేట స్వభావం ఆటలోకి చొరబడే క్షణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చిన్న కుక్క భయంతోనో నొప్పితోనో కీచుమని అరిచి, వంకరటింకరగా పరుగు తీస్తే, ఆ శబ్దమూ ఆ కదలికా గాయపడిన చిన్న జంతువుకు ఉండేవే కాబట్టి, అంతవరకు ఆడుతున్న పెద్ద కుక్కలో మరో మీట నొక్కినట్లవుతుంది. అది వెంటాడి, పట్టి, విదిలించవచ్చు. దాని స్వభావం చెడ్డదని దీనికి అర్థం కాదు, దానిలో వందల ఏళ్లుగా పదునుపెట్టిన ఒక వరుస తప్పు చోట మొదలైందని మాత్రమే. రెండు మూడు పెద్ద కుక్కలు కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోవడంతో ఈ ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల పరుగు ఆటలను ఒక పెద్ద కుక్కకూ చిన్న కుక్కకూ మధ్య కూడా పరిమితం చేసి, నేల మీద పడుకుని మెల్లగా నోళ్లు కలిపే ఆటను మాత్రమే ప్రోత్సహించడం మంచిది. రెండు నిమిషాల ఆట, పిలుపు, ఒక చిన్న తాయిలం, మళ్లీ రెండు నిమిషాల ఆట అన్న లయ స్థిరపడితే రెండు కుక్కలూ రేగిపోయేదాకా పోవు.

చిన్న కుక్కే రౌడీగా మారిన ఇళ్లు తక్కువేమీ కాదు. యజమాని ఒడిలో కూర్చుని దగ్గరికొచ్చిన ప్రతి రిట్రీవర్ మీదా పళ్లు చూపడం, ద్వారం దగ్గర కాపు కాసి పెద్దవాటి మడమలు కొరకడం ముద్దు చేష్టలు కావు. ఒడిలో గుర్రుమన్న మరుక్షణం దాన్ని మాటామంతీ లేకుండా నేల మీద దించాలి. రిట్రీవర్ చేస్తే మీరు ఏది ఒప్పుకోరో అది చిన్నది చేసినా ఒప్పుకోవద్దు. గుర్రుమన్న రిట్రీవర్‌ను తిట్టకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే గుర్రు ఒక హెచ్చరిక. తిట్లు తిని హెచ్చరించడం మానేసిన పెద్ద కుక్క తర్వాతిసారి నేరుగా కరుస్తుంది.

ఆరో అడుగు: పనిని కాపాడుకోవడం

శిక్షణ వేళ చిన్న కుక్క మైదానంలో వదులుగా ఉండకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే ఈ అడుగులోని సమస్యల్లో సగం పుట్టవు. డమ్మీ గాలిలోకి లేచినప్పుడు రిట్రీవర్ చేయవలసిన పని కదలకుండా కూర్చుని అది పడిన చోటును మనసులో గుర్తించుకోవడం. పక్కనుంచి చిన్నది అరుస్తూ దూసుకుపోతే దాని చూపు డమ్మీ మీదినుంచి చెదురుతుంది, రెండు మూడుసార్లు ఇలా జరిగితే తనకన్నా ముందు మరొకటి పట్టేస్తుందన్న ఆదుర్దాతో అది కూడా ఆజ్ఞకు ముందే దూకడం నేర్చుకుంటుంది. అంతకన్నా చెడ్డది నోరు పాడవడం. ప్రామాణికమైన డమ్మీ బరువు సుమారు 450 గ్రాములు. చిన్న కుక్క దాన్ని మోయలేక ఒక అంచు పట్టి లాగుతుంది, రిట్రీవర్ వదలకుండా పళ్లు బిగిస్తుంది, అలా బిగించడం అలవాటైన నోరు పక్షిని కూడా నలిపేస్తుంది. డమ్మీలు ఎప్పుడూ సంచిలో, సంచి కొక్కేనికి ఉండాలి; అవి ఇంట్లో ఏ కుక్కకూ ఆటవస్తువులు కావు.

పిలుపుల సంగతి ముందే తేల్చుకోవాలి. చాలామంది శిక్షకులు ఒక పొడవాటి విజిల్‌ను ఆగి కూర్చోవడానికీ, వరుసగా ఊదే పొట్టి విజిళ్లను తిరిగి రావడానికీ వాడతారు. చిన్న కుక్కను ఆ విజిల్‌తోనే పిలవడం మొదలుపెడితే, దూరంగా నీటి అవతల పనిలో ఉన్న రిట్రీవర్ మీరు చిన్నదాని కోసం ఊదిన విజిల్ విని సగం దారిలో వెనుదిరుగుతుంది. కాబట్టి చిన్నదానికి విజిల్ వద్దు. ఒక మాట, లేదా నాలుకతో చేసే టక్కు శబ్దం చాలు. పేర్ల తొలి అక్షరాలు, అచ్చులు కూడా ఒకదానితో ఒకటి కలవకుండా పెట్టాలి. రిట్రీవర్ పేరునే తెమ్మని పంపే ఆజ్ఞగా వాడేవారికి ఇది మరీ అవసరం.

చిన్నదాన్ని పనికి పూర్తిగా దూరం చేయమని దీని అర్థం కాదు. అది క్రేటులో గానీ, పరుపు మీద లీష్‌తో గానీ కూర్చుని చూడటం నేర్చుకున్నాక, అప్పటికే గట్టిపడిన రిట్రీవర్‌కు దాన్ని ఒక ఆకర్షణగా వాడుకోవచ్చు: చిన్నది పక్కన నడుస్తుండగా పెద్దది కదలకుండా కూర్చోగలిగితే నిలకడకు అంతకన్నా మంచి పరీక్ష లేదు. వంతు వచ్చేదాకా ఆగడం ఇద్దరికీ నేర్పే మార్గం కూడా ఇదే. ఒకదానికి శిక్షణ ఇస్తున్నప్పుడు మరొకటి పరుపు మీద పడుకోవాలి, కదలకుండా ఉన్నందుకు దానికే ఎక్కువ తాయిలం అందాలి. తుపాకీ శబ్దం వినిపించే చోటికి మాత్రం చిన్నదాన్ని తీసుకుపోనవసరం లేదు. శబ్దానికి బెదిరిన కుక్క గుండెదడతో అరుస్తుంటే, ఆ భయం పక్కన ఉన్న పడుచు రిట్రీవర్‌కు అంటుకునే ప్రమాదం ఉంది. దాన్ని బండిలో వదిలి వెళ్లడం కూడా పరిష్కారం కాదు, కిటికీ కొద్దిగా తెరిచినా మూసిన బండి నిమిషాల్లోనే వేడెక్కుతుంది. ఆ రోజు అది ఇంట్లోనే ఉండాలి, అంతేకాక రోజు గడిచేలోగా దానికి మీతో విడిగా ఒక నడక దక్కాలి.

ఏడో అడుగు: తిండి

విశ్రాంతిలో ఉన్న కుక్కకు రోజుకు కావలసిన శక్తిని లెక్కించడానికి పశువైద్యులు వాడే సూత్రం ప్రకారం 30 కిలోల కుక్కకు సుమారు 900 కిలోక్యాలరీలు, 5 కిలోల కుక్కకు సుమారు 235 కిలోక్యాలరీలు అవసరం. బరువు ఆరు రెట్లున్నా తిండి నాలుగు రెట్లకు కూడా చేరదన్నమాట. ఇంట్లో మామూలుగా తిరిగే కుక్కకు ఈ అంకె కొంత పెరుగుతుంది, చల్లని నీటిలో రోజంతా పనిచేసే రిట్రీవర్‌కు ఇది రెండు మూడు రెట్లవుతుంది. అందుకే పనిచేసే కుక్కల ఆహారంలో కొవ్వు ఎక్కువగా ఉంటుంది. ఆ కొవ్వు చిన్న కుక్కకు క్లోమగ్రంథి వాపు తెచ్చిపెట్టగలదు, అది రాకపోయినా ఊబకాయం వచ్చే ముప్పు ఉంటుంది. కాబట్టి వాటి ఆహారాలు వేరు, గిన్నెలు వేరు, తినే గదులు కూడా వేరుగా ఉండాలి.

లాబ్రడార్ల ఆకలిని తక్కువ అంచనా వేయకూడదు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో కొంత భాగం లోపించి ఉన్నట్లు తేలింది. అదే లోపం ఫ్లాట్ కోటెడ్ రిట్రీవర్లలోనూ కనిపించింది. అలాంటి కుక్క ముందు చిన్నది మెల్లగా కొరుక్కుంటూ తింటే తగవు ఎప్పుడో ఒకప్పుడు ఖాయం. గేటుకు అవతల తినిపించి, పదిహేను నిమిషాల తర్వాత గిన్నెలు తీసేసి, అప్పుడే తలుపులు తెరవాలి. ఎముకలూ, నమిలే కర్రలూ ఎవరి క్రేటులో వారివే.

బుల్లి జాతి పిల్లల్లో భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, తూలుడు, మూర్ఛ రావచ్చు కాబట్టి వాటికి రోజుకు కనీసం నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఛాతీ లోతుగా ఉన్న పెద్ద కుక్కలకు మాత్రం కడుపు ఉబ్బి మెలిపడే ప్రాణాంతక స్థితి రాకుండా, పనికి రెండు మూడు గంటల ముందు నుంచీ, పని ముగిసి ఒళ్లు చల్లబడేదాకా భోజనం పెట్టకూడదు. అంటే రెండిటి భోజన వేళలు ఎలాగూ కలవవు, కలపాలని ప్రయత్నించనవసరం కూడా లేదు.

ఎనిమిదో అడుగు: ఆరోగ్యం

చిన్న కుక్క ఇల్లు దాటకపోయినా రిట్రీవర్లు పొలాన్నీ చెరువునూ తమ ఒంటి మీద మోసుకొస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్‌కు చిన్నదానికి కూడా టీకా వేయించి, ఏటా కొనసాగించాలి. బరువు తక్కువైన కుక్కలకు ఒకే రోజున ఎక్కువ టీకాలు వేస్తే ప్రతిచర్య వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి, వాటిని వారాల ఎడంతో విడగొట్టి వేయమని వైద్యుణ్ణి అడగవచ్చు. పిల్లల టీకాల వరుస పదహారో వారం దాటేదాకా సాగుతుంది. అప్పటిదాకా బురదతో తిరిగొచ్చిన రిట్రీవర్లను కడిగి ఆరబెట్టిన తర్వాతే దాని దగ్గరికి రానివ్వాలి. పని నుంచి వచ్చిన ప్రతిసారీ పెద్దవాటి చెవులు, చంకలు, వేళ్ల సందులు వెతికి పిడుదులనూ గడ్డిముళ్లనూ తీసేయాలి, ఆ తర్వాత అదే పని చిన్నదానికీ చేయాలి.

మందుల విషయంలో ఒక్క పొరపాటు చాలు. పిడుదుల మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందు అన్నీ బరువును బట్టి తయారవుతాయి. పెద్ద కుక్క మాత్రను విరిచి చిన్నదానికి వేయడం, పెద్ద గొట్టంలోని మందును పంచడం ఎప్పుడూ చేయవద్దు. రిట్రీవర్ మెడ మీద చుక్కల మందు ఆరేదాకా చిన్నది నాకకుండా వేరుగా ఉంచాలి. చిన్న జాతుల్లో శ్వాసనాళం అణిగిపోయే జబ్బు ఉంటుంది కాబట్టి లీష్‌ను కాలర్‌కు బదులు ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌కు తగిలించాలి. అయితే రిట్రీవర్‌తో ఆట సమయంలో హార్నెస్ తీసేయాలి, దాని పట్టీలో పెద్దదాని పన్ను గానీ దవడ గానీ ఇరుక్కుంటే రెండూ బెదిరిపోయి లాక్కుంటాయి.

ఎద సంగతిని వాయిదా వేయకూడదు. చిన్న ఆడకుక్కను పెద్ద మగకుక్క దాటితే ఆ కలయికలోనే దానికి గాయాలు కావచ్చు, చూలు నిలిస్తే పిల్లలు దాని శరీరానికి మించి ఎదిగి కాన్పు కష్టమవుతుంది. ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది. ఆ రోజుల్లో ఒక్క తలుపు చాలదు, రెండు తలుపుల ఎడం కావాలి. వాసనకు మతిపోయిన మగ రిట్రీవర్ పనికి పనికిరాదు, తిండి కూడా మానేస్తుంది. ఏడాది నిండకముందే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయిస్తే గోల్డెన్ రిట్రీవర్లలోనూ లాబ్రడార్లలోనూ కీళ్ల జబ్బులు పెరుగుతున్నట్లు అధ్యయనాలు చూపడంతో చాలామంది పెద్దవాటికి ఆ పనిని వాయిదా వేస్తున్నారు. చిన్నదానికి అంత ఆగనవసరం లేదు కాబట్టి, ముందుగా దాని శస్త్రచికిత్స గురించి వైద్యుడితో మాట్లాడటం సులువైన దారి.

తొమ్మిదో అడుగు: నడక, ప్రయాణం

చిన్న కుక్కను రిట్రీవర్ల నడకకు లాక్కుపోవద్దు, చిన్న నడక సరిపోయింది కదా అని రిట్రీవర్లను ఇంట్లో కూర్చోబెట్టవద్దు. అందరూ కలిసి అరగంట నడిచి, చిన్నదాన్ని ఇంట్లో దించి, పెద్దవాటితో మిగతా దూరం వెళ్లడం చాలా ఇళ్లలో కుదిరే పద్ధతి. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం ఎక్కువ కాబట్టి తడిస్తే త్వరగా చలి పుడుతుంది. రిట్రీవర్ వెంట నీటిలోకి దిగిన చిన్నదాన్ని ఒడ్డుకు రాగానే తుడవాలి. బండిలో మాత్రం ప్రతి కుక్కకూ వేరే క్రేటు ఉండాలి, హఠాత్తుగా బ్రేకు వేస్తే 30 కిలోల కుక్క ఎవరి మీద పడుతుందో ఊహించుకోవచ్చు.

పదో అడుగు: గొడవ జరిగితే

పోట్లాట మొదలైతే మధ్యలో చేయి పెట్టవద్దు, అదేపనిగా అరవవద్దు. ముందుగా గట్టిగా ఒక్కసారి "వదిలెయ్" అనాలి. వినకపోతే బకెట్ నీళ్లు, దుప్పటి, కుర్చీ, ఏది అందితే దానితో రెండిటి మధ్య అడ్డు పెట్టాలి. పెద్దది చిన్నదాన్ని నోట పట్టి ఉంటే చిన్నదాన్ని లాగవద్దు, లాగితే చర్మమూ కండరమూ చీలుతాయి. పెద్దదాని వెనక నుంచి కాలర్ పట్టి, అది విదిలించకుండా తలను కదలనివ్వకుండా ఆపి, పట్టు వదిలేదాకా ఉండాలి. మిగతా కుక్కలను ఇంకొకరు వెంటనే వేరే గదిలోకి పంపాలి.

విడదీసిన తర్వాత చిన్నది లేచి తిరుగుతున్నా, పైకి రెండు సన్నని రంధ్రాలే కనిపిస్తున్నా, అదే గంటలో వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. కుక్క చర్మం వదులుగా సాగుతుంది. పంటి గుర్తు చిన్నగా కనిపించినా, విదిలింపుకు లోపల కండరాలు చీలడం, పక్కటెముకలు విరగడం, ఊపిరితిత్తులకో పేగులకో దెబ్బ తగలడం జరిగి ఉండవచ్చు. చిగుళ్లు పాలిపోవడం, ఊపిరి వేగంగా ఆడటం, ఒళ్లు చల్లబడటం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. చప్పిడి ముఖపు కుక్క కనుగుడ్డు బయటికి వచ్చి ఉంటే దాన్ని లోపలికి నెట్టకుండా, శుభ్రమైన నీటిలో తడిపిన గుడ్డను కప్పి వెళ్లాలి. నొప్పిలో ఉన్న కుక్క యజమానిని కూడా కరుస్తుంది కాబట్టి దాన్ని తువ్వాలులో చుట్టి, గట్టి పెట్టెలో పడుకోబెట్టి ఎత్తుకోవాలి.

ఆ తర్వాత కొన్ని వారాలు వాటిని పూర్తిగా వేరుచేసి, గాయం మానాక నాలుగో అడుగులో చెప్పిన పక్కపక్క నడక నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. గొడవకు మూలం తిండో, బొమ్మో, ఇరుకు ద్వారమో అయితే దాన్ని తొలగించి ముందుకు సాగవచ్చు. కారణమేమీ లేకుండా పెద్దది చిన్నదాన్ని వెంటాడి పట్టిందంటే, అవి రెండూ ఇక గేటు లేకుండా కలిసి ఉండే రోజు రాకపోవచ్చునని ఒప్పుకోవాలి. అప్పుడు ముందున్న మార్గాలు రెండే: జీవితాంతం గదులు మార్చుకుంటూ నడిపే కట్టుదిట్టమైన దినచర్య, లేదా చిన్నదానికి పెద్ద కుక్కలు లేని మంచి ఇల్లు వెతికిపెట్టడం. మొదటిదాన్ని ఇంటిల్లిపాదీ ఒక్క తలుపు కూడా మరవకుండా పాటించగలరో లేదో నిజాయితీగా ఆలోచించి, పాటించలేమనిపిస్తే రెండోదాన్నే ఎంచుకోవాలి.